ఉక్రెయిన్‌కు సంఘీభావ తీర్మానం: ముసాయిదా నుంచి ఓటింగ్ దాకా

2022 ఫిబ్రవరి 24 తెల్లవారుజామున రష్యా ఉక్రెయిన్ మీద పూర్తి స్థాయి దాడికి దిగింది. ఐదు రోజులకు, మార్చి 1న, యూరోపియన్ పార్లమెంటు ఖండన తీర్మానం చేసింది. అనుకూలంగా 637 ఓట్లు, వ్యతిరేకంగా 13 పడ్డాయి, 26 మంది తటస్థంగా ఉన్నారు. మర్నాడు అమెరికా ప్రతినిధుల సభ 426–3 ఓట్లతో ఉక్రెయిన్‌కు మద్దతు తెలిపే హెచ్.రెస్. 956 తీర్మానాన్ని ఆమోదించింది. వీటివల్ల ఒక్క ట్యాంకు కూడా వెనక్కి తిరగలేదు, తిరుగుతుందని ఓటేసినవాళ్లూ అనుకోలేదు. మరి ఎందుకు చేయాలి?

లిథువేనియా సంగతి చూడండి. 1991 జనవరి 13న విల్నియస్ టీవీ టవర్ దగ్గర గుమిగూడిన నిరాయుధుల మీదికి సోవియట్ ట్యాంకులు వచ్చాయి. ఆ ఘటనల్లో 14 మంది ప్రాణాలు పోయాయి. నెల తిరక్కముందే, ఫిబ్రవరి 11న ఐస్‌లాండ్ పార్లమెంటు ఆల్థింగ్ ఒక తీర్మానం చేసింది: 1922లో లిథువేనియాకు తామిచ్చిన గుర్తింపు ఇంకా చెల్లుతుందని. ఐస్‌లాండ్‌కు సొంత సైన్యమే లేదు. కానీ పెద్ద దేశాలు నీళ్లు నములుతున్న వేళ ఒక చట్టసభ నోరు తెరిచి చెప్పిన ఆ ఒక్క మాట లిథువేనియాకు కొండంత బలమైంది. విల్నియస్‌లో ఐస్‌లాండ్ పేరున ఒక వీధి ఇప్పటికీ ఉంది.

ఆ తీర్మానం పనిచేయడానికి కారణం అది కచ్చితమైన విషయం చెప్పడమే. "మీ బాధ మాకు అర్థమవుతోంది" అని ఊరుకోలేదు. సంఘీభావ తీర్మానాల బలం, బలహీనత రెండూ అక్కడే ఉంటాయి. దాడి చేసింది ఎవరు, ఎవరి హద్దులు ఎంతవరకు, ఈ సభ చేతిలో ఉన్నది ఏమిటి, ఈ మూడూ స్పష్టంగా ఉంటే తీర్మానం రికార్డుగా నిలుస్తుంది. లేకపోతే చప్పట్లతో పాటే మర్చిపోతారు.

న్యూజెర్సీ, టెక్సస్, కాలిఫోర్నియాల్లో స్థిరపడి, అక్కడి ఉక్రెయిన్ కుటుంబాలతో కలిసి తమ రాష్ట్ర చట్టసభలో గానీ సిటీ కౌన్సిల్లో గానీ ఇలాంటి తీర్మానం పెట్టించాలనుకునే తెలుగువాళ్ల కోసం ఈ వివరాలు. కెనడా, బ్రిటన్, ఇండియాల్లో పద్ధతి ఎక్కడ వేరుగా ఉంటుందో సందర్భం వచ్చినప్పుడు చెబుతాం.

ముందు ఏ సభ, ఏ రూపం

దీపావళికో ఉగాదికో మేయర్ దగ్గర ప్రొక్లమేషన్ తీసుకున్న అనుభవం చాలా తెలుగు సంఘాలకు ఉంది. దాన్నీ తీర్మానాన్నీ కలిపేసుకోవద్దు. ప్రొక్లమేషన్ అంటే మేయరో గవర్నరో సంతకం చేసి ఇచ్చే ప్రకటన. ఓటింగ్ ఉండదు, చర్చ ఉండదు, సులభంగా దొరుకుతుంది. చట్టసభ మాట కావాలంటే మాత్రం తీర్మానమే కావాలి.

తీర్మానాల్లోనూ రకాలున్నాయి. ఒక సభకే పరిమితమైనది సింపుల్ రిజల్యూషన్. రెండు సభలూ ఆమోదించేది కాంకరెంట్. మూడోది జాయింట్, దీని అర్థం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. న్యూజెర్సీలో జాయింట్ రిజల్యూషన్‌కు గవర్నర్ సంతకం కావాలి, దానికి చట్టంతో సమానమైన బలం ఉంటుంది. కాలిఫోర్నియాలో కేంద్ర ప్రభుత్వ వ్యవహారాల మీద రాష్ట్ర చట్టసభ తన అభిప్రాయం చెప్పడానికి వాడేదే జాయింట్ రిజల్యూషన్. టెక్సస్‌లో కాంకరెంట్ తీర్మానం గవర్నర్ దాకా వెళుతుంది. సంఘీభావానికి మా సలహా: మొదట ఒక సభలో సింపుల్ రిజల్యూషన్ నెగ్గించండి. అది నెగ్గాక అదే పాఠంతో రెండో సభకు వెళ్లండి. మొదటే కాంకరెంట్ పెడితే రెండో సభ కమిటీలో ఇరుక్కుని సెషన్ ముగిసేదాకా కదలకపోవచ్చు, అప్పుడు చేతిలో ఏమీ మిగలదు.

సభ అసలు నడుస్తోందా లేదా అన్నది మొదటి రోజే చూసుకోండి. టెక్సస్ చట్టసభ బేసి సంవత్సరాల్లో మాత్రమే, జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులు నడుస్తుంది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు అక్కడ సాధారణ సమావేశాలు లేవు, తర్వాతివి 2023 జనవరి 10న మొదలయ్యాయి. అలాంటి సమయంలో తలుపు తట్టాల్సింది సిటీ కౌన్సిల్‌ది, కౌంటీ పాలకమండలి అయిన కమిషనర్స్ కోర్టుది. న్యూజెర్సీ సభ దాదాపు ఏడాది పొడవునా పనిచేస్తుంది గానీ రెండేళ్ల సెషన్ ముగిస్తే పెండింగులో ఉన్నవన్నీ రద్దయిపోతాయి, మళ్లీ మొదటి నుంచి రావాలి.

నగర స్థాయిని చిన్నచూపు చూడొద్దు. సిన్సినాటికి ఖార్కివ్‌తో 1989 నుంచి, షికాగోకు కీవ్‌తో 1991 నుంచి సిస్టర్ సిటీ (రెండు నగరాల మధ్య అధికారిక స్నేహ) బంధం ఉంది. ఇలాంటి బంధం ఉన్న ఊళ్లో తీర్మానానికి సొంత కారణం ఉంటుంది, "మనకెందుకు" అనేవాళ్లకు వెంటనే జవాబు దొరుకుతుంది.

బ్రిటన్‌లో ఏ ఎంపీ అయినా ఎర్లీ డే మోషన్ పెట్టవచ్చు. అది ఒకే వాక్యంగా, 250 పదాలు దాటకుండా ఉండాలి. చర్చకు రావడం చాలా అరుదు, ఎందరు ఎంపీలు సంతకం చేశారన్నదే లెక్క. కెనడాలో యునానిమస్ కన్సెంట్ అనే దారి ఉంది. ఎవరూ అడ్డు చెప్పకపోతే నిమిషాల్లో అయిపోతుంది, ఒక్క సభ్యుడు "నో" అన్నా అక్కడితో ఆగిపోతుంది. 2022 ఏప్రిల్ 27న కెనడా కామన్స్ సభ ఉక్రెయిన్‌లో జరుగుతున్నది నరమేధమని (జెనోసైడ్ అని) ప్రకటించింది ఈ దారిలోనే.

స్పాన్సర్

సభలో తీర్మానాన్ని ప్రవేశపెట్టే సభ్యుడే స్పాన్సర్. మీ జిల్లా సభ్యుల దగ్గరికే ముందు వెళ్లండి. న్యూజెర్సీలో 40 జిల్లాలు, ఒక్కో జిల్లాకు ఒక సెనేటర్, ఇద్దరు అసెంబ్లీ సభ్యులు, అంటే మీ మాట వినాల్సినవాళ్లు ముగ్గురున్నారు. వాళ్ల సహాయకులకు ఒక పేజీ నోటు చాలు: ఏం కావాలి, ఎందుకు ఇప్పుడు, ఎవరు అడుగుతున్నారు. ఇరవై పేజీల ఫైలు పట్టుకెళ్తే ఎవరూ చదవరు.

రెండు పార్టీల నుంచీ ఒక్కొక్కరు ప్రధాన స్పాన్సర్లుగా ఉండాలి. ఇప్పుడిది 2022 కన్నా చాలా ముఖ్యం. 2024 ఏప్రిల్ 20న ఉక్రెయిన్ సాయం బిల్లు ప్రతినిధుల సభలో 311–112తో నెగ్గింది, ఆ 112 మందీ రిపబ్లికన్లే, బలపరచిన రిపబ్లికన్లు 101 మంది. ఒకే పార్టీ లెటర్‌హెడ్ మీద వచ్చిన తీర్మానం కమిటీ గుమ్మం దాటడం కష్టం.

సమయం విషయానికొస్తే, దాడి జరిగిన మొదటి వారానికి ఉన్న వేడి తర్వాత ఉండదు. ఆ తర్వాత సందర్భం వెతుక్కోవాలి. దాడి మొదలైన ఫిబ్రవరి 24, ఉక్రెయిన్ స్వాతంత్ర్య దినం ఆగస్టు 24, 1932–33 నాటి హోలోదోమోర్ కరవు మృతులను తలుచుకునే నవంబరు నాలుగో శనివారం, ఈ మూడూ సహజమైన తేదీలు. ఆగస్టులో చాలా రాష్ట్రాల సభలు సెలవుల్లో ఉంటాయి కాబట్టి సిటీ కౌన్సిల్‌కు ఆగస్టు, రాష్ట్ర సభకు ఫిబ్రవరి లెక్కేసుకోండి. అనుకున్న తేదీకి కనీసం నెలన్నర ముందు స్పాన్సర్‌ను కలవాలి. ముసాయిదాను చట్టసభ సొంత కార్యాలయం తిరగరాస్తుంది. న్యూజెర్సీలో ఆఫీస్ ఆఫ్ లెజిస్లేటివ్ సర్వీసెస్, టెక్సస్‌లో లెజిస్లేటివ్ కౌన్సిల్, కాలిఫోర్నియాలో లెజిస్లేటివ్ కౌన్సెల్ ఈ పని చేస్తాయి. వాళ్ల వరుసలో మీది ఒకటి, తొందరపెడితే అయ్యేది కాదు.

ముసాయిదా రాయడం

తీర్మానంలో రెండు భాగాలు. కారణాలు చెప్పే "వేర్‌యాజ్" పేరాలు, తర్వాత సభ ఏం అంటోందో చెప్పే "రిజాల్వ్డ్" పేరాలు. మొదటి భాగంలో ఐదారు పేరాలు, రెండో భాగంలో మూడు నాలుగు చాలు. మొత్తం ఒక పేజీ, మహా అయితే పేజీన్నర. కార్యదర్శి సభలో చదివి వినిపించేటప్పుడు సభ్యులు తల తిప్పుకోకుండా వినగలిగినంతే ఉండాలి.

వేర్‌యాజ్ పేరాల్లో కాలం చెల్లని నిజాలే పెట్టండి. కొత్తగా రాసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే. మృతుల సంఖ్య, శరణార్థుల సంఖ్య, ఆక్రమణలో ఉన్న భూభాగం శాతం, ఇవన్నీ నెలనెలా మారతాయి. ఫిబ్రవరిలో రాసిన అంకె ఏప్రిల్లో ఓటింగు నాటికి తప్పవుతుంది, వ్యతిరేకించే సభ్యుడు దాన్నే పట్టుకుంటాడు. అంకె తప్పదనుకుంటే ఏ తేదీ నాటిది, ఏ సంస్థ చెప్పింది అన్నది అదే వాక్యంలో రాయాలి. తేదీలు, సంతకాలు, ఓట్ల లెక్కలు మాత్రం ఎప్పటికీ మారవు. వాటి మీద నిలబడండి.

వాడుకోదగిన నిజాలు ఇవి. 1991 ఆగస్టు 24న స్వాతంత్ర్య ప్రకటన. అదే ఏడాది డిసెంబరు 1న ప్రజాభిప్రాయ సేకరణ, పోలైన ఓట్లలో 90 శాతానికి పైగా స్వాతంత్ర్యానికే పడ్డాయి, క్రిమియాలో కూడా మెజారిటీ అటే. 1994 డిసెంబరు 5న బుడాపెస్ట్ మెమొరాండం. 2014 మార్చి 27న క్రిమియా విలీనాన్ని గుర్తించబోమన్న ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ తీర్మానం 68/262, అనుకూలంగా 100, వ్యతిరేకంగా 11. 2022 మార్చి 2న రష్యా బలగాలను ఉపసంహరించుకోవాలన్న జనరల్ అసెంబ్లీ తీర్మానం ఈఎస్-11/1, అనుకూలంగా 141, వ్యతిరేకంగా 5, తటస్థంగా 35. 2022 మార్చి 16న సైనిక చర్య ఆపాలని అంతర్జాతీయ న్యాయస్థానం 13–2తో ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు. జనరల్ అసెంబ్లీలో ఇండియా తటస్థంగా ఉన్నా, ఈ కోర్టులో భారతీయ న్యాయమూర్తి దల్వీర్ భండారీ మెజారిటీతోనే ఓటేశారు. 2023 మార్చి 17న పిల్లలను చట్టవిరుద్ధంగా తరలించారన్న ఆరోపణ మీద పుతిన్‌కు, రష్యా బాలల హక్కుల కమిషనర్‌గా ఉన్న మారియా ల్వోవా-బెలోవాకు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు జారీ చేసిన అరెస్టు వారంట్లు. చివరిదాన్ని ఉటంకిస్తే "ఆరోపణ", "వారంటు" అనే మాటలు తప్పనిసరి, అది తీర్పు కాదు.

బుడాపెస్ట్ పత్రం దగ్గర చాలామంది కాలు జారుతారు. అమెరికా, బ్రిటన్, రష్యాలు ఉక్రెయిన్ సరిహద్దులను గౌరవిస్తామని అందులో మాటిచ్చాయి. ఇంగ్లీషు పాఠంలో వాడింది "అష్యూరెన్సెస్", "గ్యారంటీస్" కాదు. ముసాయిదాలో గ్యారంటీ అని రాస్తే, అమెరికా సైన్యాన్ని పంపే బాధ్యత ఒప్పుకుందా అని కమిటీలో మొదటి ప్రశ్న అదే వస్తుంది. ఉన్న మాట ఉన్నట్టే రాయండి.

దాడిని దాడి అనండి. "ఉక్రెయిన్ సంక్షోభం", "అక్కడి పరిస్థితి" అని రాస్తే ఎవరు ఎవరి మీదికి వచ్చారో తెలియకుండా పోతుంది. చేసింది "రష్యన్ ఫెడరేషన్ ప్రభుత్వం" అని పేరు పెట్టి చెప్పాలి. రష్యన్ ప్రజలు అని గానీ రష్యన్లు అని గానీ రాయొద్దు. మీ ఊళ్లోనే ఆ యుద్ధాన్ని వ్యతిరేకించే రష్యన్ కుటుంబాలు ఉంటాయి, వాళ్లు కూడా మీ పక్షాన వచ్చి మాట్లాడగలగాలి. ఉక్రెయిన్ ఊళ్ల పేర్లు ఉక్రేనియన్ స్పెల్లింగుతోనే ఉండాలి.

హద్దుల వాక్యానికి కొత్త మాటలు వెతకొద్దు. ఈఎస్-11/1లో ఉన్నట్టే, ప్రాదేశిక జలాలతో సహా అంతర్జాతీయంగా గుర్తించిన సరిహద్దుల్లో ఉక్రెయిన్ సార్వభౌమత్వం, స్వాతంత్ర్యం, ఐక్యత, ప్రాదేశిక సమగ్రత అని రాస్తే చాలు. క్రిమియా, దొనెత్స్క్, లుహాన్స్క్ అన్నీ ఇందులోకి వచ్చేస్తాయి. సొంతంగా జాబితా రాయబోతే ఏదో ఒక పేరు జారిపోతుంది, జారిన పేరుకు వేరే అర్థం తీస్తారు.

ఇక నరమేధం, ఉగ్రవాద దేశం అనే మాటలు పెట్టాలా వద్దా? ఎస్టోనియా, లాత్వియా పార్లమెంట్లు 2022 ఏప్రిల్ 21నే నరమేధమని తీర్మానించాయి, మే 10న లిథువేనియా కూడా. అవి చెప్పినవి సొంత చరిత్ర నుంచి వచ్చిన మాటలు. అమెరికా సెనేట్ 2022 జూలై 27న, రష్యాను ఉగ్రవాదానికి ఊతమిచ్చే దేశంగా ప్రకటించాలని విదేశాంగ మంత్రిని కోరుతూ ఎస్.రెస్. 623ను ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రభుత్వం మాత్రం ఆ ప్రకటన చేయలేదు, ఎందుకంటే ఆ ముద్రకు చట్టపరమైన పర్యవసానాలు చాలా ఉంటాయి. రాష్ట్ర స్థాయిలో ఈ మాటలు పెడితే చర్చ అంతా ఆ ఒక్క పదం చుట్టూ తిరిగి, ఓట్లు చీలతాయి. మొదటి తీర్మానంలో జరిగినవాటిని రాయండి: ఆసుపత్రుల మీద దాడులు, విద్యుత్ కేంద్రాల మీద దాడులు, పిల్లల తరలింపు. పేరు పెట్టడం రెండో తీర్మానానికి ఉంచుకోవచ్చు.

రిజాల్వ్డ్ భాగంలో ఖండన ఒకటి, మద్దతు ఒకటి, మూడోది కచ్చితమైన కోరిక అయి ఉండాలి. యూరోపియన్ పార్లమెంటు 2022 మార్చి 1 తీర్మానంలో ఉక్రెయిన్‌కు ఈయూ అభ్యర్థి హోదా కోసం కృషి చేయాలని అడిగింది, జూన్ 23న యూరోపియన్ కౌన్సిల్ ఆ హోదా ఇచ్చింది. ఆ తీర్మానం ఒక్కటే దానికి కారణమని కాదు, కానీ ఏం అడిగారో అందరికీ తెలుసు, వచ్చిందో లేదో కూడా తెలిసింది. మీ రాష్ట్రానికి సరిపోయేది వెతకండి. కాలిఫోర్నియా నేషనల్ గార్డుకు 1993 నుంచి ఉక్రెయిన్‌తో భాగస్వామ్యం ఉంది, దాన్ని కొనసాగించమని కోరవచ్చు. ఇంకొక చోట ఉక్రెయిన్ నుంచి వచ్చిన నర్సుల, టీచర్ల లైసెన్సుల పరిశీలన త్వరగా చేయమని బోర్డును కోరవచ్చు. ఆయుధాలు, నిధుల లెక్కలు మాత్రం దీనిలో కలపొద్దు. అవి రాష్ట్ర సభ చేతిలో లేవు, కలిపితే సంఘీభావానికి ఓటేసేవాళ్లు కూడా వెనక్కి తగ్గుతారు.

ఈ నమూనా చూడండి. సభకు ఇచ్చేది ఇంగ్లీషులోనే ఉంటుంది, వరుస తెలియడానికి తెలుగులో రాస్తున్నాం:

"1991 డిసెంబరు 1 ప్రజాభిప్రాయ సేకరణలో ఉక్రెయిన్ ప్రజలు అత్యధిక మెజారిటీతో స్వతంత్ర దేశాన్ని ఎంచుకున్నందున; 1994 డిసెంబరు 5న రష్యన్ ఫెడరేషన్ ఆ దేశ స్వాతంత్ర్యాన్ని, అప్పటి సరిహద్దులను గౌరవిస్తానని బుడాపెస్ట్‌లో సంతకం చేసినందున; ఆ మాట తప్పి 2014లో క్రిమియాను ఆక్రమించి, 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద పూర్తి స్థాయి దండయాత్రకు దిగినందున; రష్యా బలగాలను వెంటనే, పూర్తిగా, బేషరతుగా ఉపసంహరించుకోవాలని ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీ 141 ఓట్లతో కోరినందున; ఉక్రెయిన్ మూలాలున్న కుటుంబాలు ఈ రాష్ట్రంలో పనిచేస్తూ, పన్నులు కడుతూ, మన ఇరుగుపొరుగుగా జీవిస్తున్నందున;

ఈ సభ ఈ దండయాత్రను ఖండిస్తోంది. ప్రాదేశిక జలాలతో సహా అంతర్జాతీయంగా గుర్తించిన సరిహద్దుల్లో ఉక్రెయిన్ స్వాతంత్ర్యానికి, ప్రాదేశిక సమగ్రతకు మద్దతు ప్రకటిస్తోంది. వృత్తి లైసెన్సుల బోర్డు ఉక్రెయిన్ నుంచి వచ్చినవారి దరఖాస్తులను జాప్యం లేకుండా పరిశీలించాలని కోరుతోంది. ఈ తీర్మానం ప్రతులను అమెరికా అధ్యక్షుడికి, ఈ రాష్ట్రం నుంచి కాంగ్రెసుకు ఎన్నికైన ప్రతి సభ్యుడికి, అమెరికాలో ఉక్రెయిన్ రాయబారికి, ఉక్రెయిన్ పార్లమెంటు వెర్ఖోవ్నా రాడా స్పీకర్‌కు పంపాలని సభ కార్యదర్శిని ఆదేశిస్తోంది."

ఇంత చిన్నదైనా చాలా అంటే, 1971 మార్చి 31న భారత పార్లమెంటు తూర్పు బెంగాల్ మీద చేసిన తీర్మానం తిరగేయండి. మార్చి 25 రాత్రి ఢాకాలో సైన్యం విరుచుకుపడిన ఆరో రోజున ఇందిరా గాంధీ ప్రవేశపెట్టారు, ఉభయ సభలూ ఏకగ్రీవంగా ఆమోదించాయి. దాడి ఎవరు చేశారో, బలగాలు ఎక్కడి నుంచి వచ్చాయో అందులో సూటిగా ఉంది. ఏడున్నర కోట్ల ప్రజల పోరాటం గెలుస్తుందన్న నమ్మకం ఉంది, భారత ప్రజల సానుభూతి, మద్దతు వాళ్లకుంటాయన్న మాట ఉంది. దేశంగా గుర్తిస్తామని మాత్రం అనలేదు. ఆ గుర్తింపు డిసెంబరు 6న వచ్చింది. ఆ రోజున నిలబెట్టుకోగలిగిన మాటే ఇచ్చారు, ఇచ్చింది గట్టిగా ఇచ్చారు. ముసాయిదా రాసే ప్రతివాళ్లూ ఒకసారి చదవాల్సిన పాఠం అది.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఒక మాట. విదేశీ వ్యవహారాలు రాజ్యాంగం ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో 10వ అంశం. అయినా రాష్ట్ర సభలు అభిప్రాయం చెప్పకూడదని లేదు. శ్రీలంక తమిళుల విషయంలో తమిళనాడు అసెంబ్లీ 2011లోనూ 2013లోనూ తీర్మానాలు చేసింది. లోక్‌సభలో అయితే ఎంపీ ప్రైవేటు మెంబర్ తీర్మానంగా పెట్టాలి, శుక్రవారాల్లో చివరి రెండున్నర గంటలు దీనికి కేటాయిస్తారు. నియమం 173 ప్రకారం తీర్మానంలో ఒకే నిర్దిష్ట అంశం ఉండాలి, వాదనలు, వ్యంగ్యం, దూషణలు ఉండకూడదు. ఏ దేశంలో రాసినా పాటించదగ్గ నియమం ఇది.

చట్టం ఎక్కడ అడ్డొస్తుంది

మీ సంఘం 501 సి 3 (పన్ను మినహాయింపు ఉన్న స్వచ్ఛంద సంస్థ) హోదాలో ఉంటే జాగ్రత్త. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ లెక్కలో "లెజిస్లేషన్" అంటే బిల్లులే కాదు, తీర్మానాలు కూడా, సిటీ కౌన్సిల్‌వి కూడా. కాబట్టి తీర్మానం కోసం సంఘం పేరున ప్రచారం చేస్తే అది లాబీయింగే. నిషేధం లేదు, పరిమితి ఉంది. ఫారం 5768 నింపి 501 హెచ్ ఎంపిక చేసుకుంటే లెక్క స్పష్టంగా ఉంటుంది: సంఘం తన ఆశయాల కోసం పెట్టే ఖర్చులో మొదటి 5 లక్షల డాలర్ల మీద 20 శాతం దాకా లాబీయింగుకు వాడవచ్చు. ఖర్చుల పుస్తకంలో ఈ పద్దు వేరుగా రాయండి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఉత్తరాలు రాయవచ్చు, కమిటీ ముందు మాట్లాడవచ్చు. గ్రీన్‌కార్డు లేని విదేశీయులు ఎన్నికల విరాళాలు మాత్రం ఇవ్వకూడదు. స్పాన్సర్ ఫండ్‌రైజర్‌కు పిలిచినా అంతే.

ఇంకొకటి, విదేశీ ప్రభుత్వం అడగ్గా గానీ, వాళ్ల డబ్బుతో గానీ ఈ పని చేస్తే 1938 నాటి ఫారా (విదేశీ ఏజెంట్ల నమోదు) చట్టం కింద నమోదు కావాల్సి రావచ్చు. ఉక్రెయిన్ కాన్సులేట్‌ను కార్యక్రమానికి ఆహ్వానించండి, వాస్తవాలు సరిచూసుకోండి. ముసాయిదా, ఖర్చు మాత్రం మీవే అయి ఉండాలి.

తీర్మానంలో ఆదేశాలు దూర్చే ఆలోచన కూడా మానుకోండి. బర్మాతో వ్యాపారం చేసే కంపెనీల దగ్గర ప్రభుత్వం కొనుగోళ్లు చేయకుండా మసాచుసెట్స్ 1996లో చట్టం చేస్తే, 2000లో సుప్రీంకోర్టు క్రాస్‌బీ కేసులో దాన్ని ఏకగ్రీవంగా కొట్టేసింది. కాంగ్రెస్ చేసిన ఆంక్షల చట్టానికి అది అడ్డొస్తోందన్నారు. "ఖండిస్తోంది", "కోరుతోంది" అన్నంతవరకు ఈ చిక్కు లేదు.

కమిటీ, ఓటు

కమిటీలో ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే దొరుకుతాయి. ముగ్గురు చాలు: ఉక్రెయిన్ నుంచి వచ్చినవారు ఒకరు, స్థానిక సంస్థ నుంచి ఒకరు, మూడోవారు ఉక్రెయిన్ మూలాలు లేనివారు. ఆ మూడో స్థానం తెలుగువాళ్లు తీసుకోవచ్చు. ఖార్కివ్‌లోనో విన్నిత్సియాలోనో మెడిసిన్ చదివినవాళ్లు మన కుటుంబాల్లో ఉన్నారు. 2022లో భారత ప్రభుత్వం చేపట్టిన తరలింపు, ఆపరేషన్ గంగ కింద తిరిగొచ్చిన సుమారు 22,500 మంది భారతీయుల్లో ఎక్కువమంది విద్యార్థులే. బంకర్లో గడిపిన రోజుల గురించి అలాంటివారు రెండు నిమిషాలు మాట్లాడితే, ఇది ఒక్క జాతి వాళ్ల గోడు కాదని సభ్యులకు తెలుస్తుంది.

ఓటింగుకు ముందు స్పాన్సర్‌ను ఒక్కటే అడగండి: మూజువాణీ ఓటా, పేరుపేరునా ఓటు నమోదయ్యే రోల్‌కాలా? మూజువాణీ అయితే క్షణంలో అయిపోతుంది, కానీ ఎవరు ఎటు ఓటేశారో రికార్డులో ఉండదు. నెగ్గుతుందన్న ధీమా ఉంటే రోల్‌కాల్ కోరండి. అంచుల్లో ఉంటే కన్సెంట్ క్యాలెండర్‌లో పెట్టించడం మేలు, వివాదం లేని అంశాలన్నిటితో కలిపి ఆమోదిస్తారు. ప్రతినిధుల సభ 2022 మార్చి 2న వాడింది సస్పెన్షన్ ఆఫ్ రూల్స్ పద్ధతి: 40 నిమిషాల చర్చ, సవరణలు ఉండవు, మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. మీ సభలో ఇలాంటి దారి ఉందేమో కనుక్కోండి.

సవరణలు వస్తే కంగారుపడొద్దు. "ఇరుపక్షాలూ హింస ఆపాలి" అనే సవరణ ఒక్కటి మాత్రం ఒప్పుకోవద్దు. దండెత్తినవాడిని, ఇల్లు కాపాడుకునేవాడిని ఒకే వాక్యంలో నిలబెడితే ఆ తీర్మానం ఉక్రెయిన్‌కు మేలు కన్నా కీడే చేస్తుంది. ఆ సవరణ నెగ్గేలా ఉంటే తీర్మానాన్ని వెనక్కి తీసుకోమని స్పాన్సర్‌కు చెప్పండి.

సభ రోజున

జెండా: నీలం పైన, పసుపు కింద, నిష్పత్తి 2:3. తలకిందులుగా కట్టడం చాలాచోట్ల జరుగుతుంది, ఫొటోలు తీసేదాకా ఎవరూ చూడరు. అమెరికా జెండాతో కలిపి ఎగరేస్తే రెండూ వేర్వేరు స్తంభాల మీద, ఒకే ఎత్తులో, దాదాపు ఒకే పరిమాణంలో ఉండాలి. అమెరికా జెండా చూసేవాళ్లకు ఎడమ పక్కన వస్తుంది.

సభ లోపల జెండాలు ఊపడం సాధారణంగా నిబంధనలకు విరుద్ధం. 2024 ఏప్రిల్ 20న సాయం బిల్లు నెగ్గగానే ప్రతినిధుల సభలో సభ్యులు ఉక్రెయిన్ జెండాలు ఊపితే, అది సభా మర్యాదకు విరుద్ధమని పీఠం మీదున్న సభ్యుడు వారించారు, ఆ తర్వాత రోజుల తరబడి చర్చ బిల్లు వదిలేసి జెండాల మీదికి మళ్లింది. గ్యాలరీలో చప్పట్లకు అనుమతి ఉందో లేదో సభలో క్రమశిక్షణ చూసే అధికారి సార్జంట్-ఎట్-ఆర్మ్స్‌ను ముందే అడిగి మీవాళ్లందరికీ చెప్పండి. నీలం, పసుపు రిబ్బన్లు చాలు.

అతిథుల విషయంలో ఏమాత్రం అజాగ్రత్త వద్దు. 2023 సెప్టెంబరు 22న జెలెన్‌స్కీ కెనడా పార్లమెంటులో ప్రసంగించిన రోజున, స్పీకర్ ఆంథనీ రోటా తన నియోజకవర్గానికి చెందిన 98 ఏళ్ల వృద్ధుణ్ని ఉక్రెయిన్ వీరుడిగా పరిచయం చేశారు. సభంతా లేచి చప్పట్లు కొట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన నాజీల వాఫెన్-ఎస్ఎస్ గలీషియా డివిజన్‌లో పనిచేశారని తర్వాత తేలింది. రష్యా ప్రచారానికి అంతకన్నా ఏం కావాలి? నాలుగు రోజుల్లో స్పీకర్ రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది. "రష్యన్లతో పోరాడారు" అన్న ఒక్క వాక్యాన్ని ఎవరూ తరచి చూడకపోవడమే అక్కడ జరిగిన తప్పు: ఏ సంవత్సరంలో, ఏ దళంలో, ఎవరి తరఫున? గ్యాలరీలో పేరు చదివించే ప్రతి అతిథి గురించీ ఈ మూడు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద ఉండాలి, సంఘం వాళ్లు చెప్పారని వదిలేయకుండా ఇద్దరు వేర్వేరుగా సరిచూడాలి. సందేహం మిగిలితే పేరు చదివించొద్దు.

ఓటు అయ్యాక

తీర్మానం నెగ్గగానే ఫొటోలు దిగి ఇంటికి వెళ్లిపోతే సగం పనే అయినట్టు. కార్యదర్శి ధ్రువీకరించిన ప్రతులు ఎన్ని కావాలో లిఖితంగా అడగండి. ముద్ర, సంతకం ఉన్నవే చెల్లుతాయి. తీర్మానంలో రాసిన చిరునామాలకు కార్యదర్శి కార్యాలయమే పంపాలి, పంపిన తేదీ మూడు వారాల తర్వాత అడిగి రాసుకోండి. పంపకుండా బల్లసొరుగులో ఉండిపోయేవి ఉంటాయి. ఉక్రేనియన్ అనువాదం అక్కడి భాష సొంతభాషగా ఉన్నవారితో చేయించి, "అనధికార అనువాదం" అని పైన రాసి జతచేయండి. సిస్టర్ సిటీ ఉంటే ఆ నగర కౌన్సిల్‌కు ఒక ప్రతి విడిగా వెళ్లాలి.

తీర్మానంలోని మూడో రిజాల్వ్డ్ పేరాలో ఏదైనా బోర్డును కోరి ఉంటే, తొంభై రోజులకు స్పాన్సర్ ద్వారా ఆ బోర్డుకు ఉత్తరం రాయించండి: ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఎన్ని తేల్చారు. జవాబు వచ్చినా రాకపోయినా దాన్ని ఫైలులో పెట్టండి. వచ్చే ఫిబ్రవరి 24కు కొత్త తీర్మానం రాసేటప్పుడు మొదటి వేర్‌యాజ్ పేరా అదే అవుతుంది.